బురదనీటి వెనక కథ

కుళాయిలు లేని కాలంలో గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే ఒడ్డు ఊళ్లలో ఇల్లాళ్లకు పని పెరిగేది. కుండ లోపలి గోడకు చిల్లగింజ రుద్ది, ఆ తర్వాతే నీళ్లు పోసేవారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగి, పైన తేటనీరు మిగిలేది. ఇండుపగింజ అన్నా ఇదే. సుశ్రుత సంహితలో దీని పేరు కతకం. కతకం పేరు తలచుకున్నంతలో నీళ్లు తేరవని మనుస్మృతి ఎత్తిపొడుస్తుంది. అంటే అప్పటికే అది అందరికీ తెలిసిన సంగతన్నమాట.

గుడ్డతో వడగడితే సరిపోదా? ఇసుక, నాచు ఆగుతాయి గానీ బంకమట్టి ఆగదు. మిల్లీమీటరులో వెయ్యో వంతుండే మట్టి నలుసు కదలని నీళ్లలో మీటరు లోతు దిగడానికే పది రోజులు దాటుతుంది. పైగా ఈ నలుసులన్నిటి మీదా రుణావేశమే ఉంటుంది కాబట్టి దగ్గరికొస్తే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. చిల్లగింజ జిగురు వాటిని పట్టి గుత్తులు కడుతుంది. గుత్తి బరువెక్కి మునుగుతుంది. పటిక దారి వేరు, ఫలితం ఒకటే.

ఇసుకతో ఊరంతటికీ నీళ్లు వడగట్టడం మాత్రం దాహం కోసం మొదలవలేదు. స్కాట్లండ్‌లోని పైస్లీలో జాన్ గిబ్ అనే ఆయనకు బట్టలు చలువచేసే కార్ఖానా ఉండేది. తెల్లబట్టకు మురికి అంటకూడదని 1804లో ఇసుక వడపోత కట్టి, మిగిలిన నీళ్లు ఊళ్లో అమ్ముకున్నాడు. 1829లో లండన్‌లో చెల్సీ నీటి కంపెనీకి జేమ్స్ సింప్సన్ పెద్ద ఇసుక మడులు కట్టాడు. రోగాలు క్రిముల వల్ల వస్తాయని అప్పటికింకా తేలలేదు. వాళ్లు చూసింది మట్టినే. అయినా ఇసుక పైన పట్టిన జిగట పొర చడీచప్పుడు లేకుండా క్రిముల్నీ తగ్గించేది. నన్నడిగితే ఈ కథలో అసలు అదృష్టం అదే. 1852 చట్టంతో లండన్ ఇళ్లకిచ్చే నీళ్లు వడగట్టి తీరాలన్నారు.

మన స్టీలు ఫిల్టర్‌లోని క్యాండిల్ పుట్టుక ఇందుకు తలకిందులు. పాశ్చర్ దగ్గర పనిచేసిన షాంబర్లాన్ 1884లో పింగాణీ గొట్టం చేసింది క్రిముల కోసం. మట్టి దానికి శత్రువు: రంధ్రాలు పూడి ధార సన్నబడేది, పీచుతో రుద్దక తప్పేది కాదు. ఆర్వో మిషన్ ముందు తెల్లటి సెడిమెంట్ ఫిల్టర్ బిగించేది ఆ పూడిక బాధ తగ్గించడానికే. అయితే 5 మైక్రాన్ల ఫిల్టర్‌కు సన్న బంకమట్టి చిక్కదు. అందుకే నదినీళ్లు శుద్ధిచేసే ప్లాంట్లలో నేటికీ ముందు పటిక కలుపుతారు, ఇసుక వంతు ఆ తర్వాతే.