పిచ్చికుక్క నోటి నురుగు: ఒక చరిత్ర

పిచ్చికుక్క అనగానే మన మనసులో మెదిలే రూపం ఒక్కటే: తోక వాల్చి, దవడ జారవేసి, నోటి వెంట చొంగ కార్చుకుంటూ తిరిగే జంతువు. సుశ్రుత సంహిత కల్పస్థానంలోనూ దాదాపు ఇదే వర్ణన కనిపిస్తుంది. కాటుకు గురైన మనిషి నీటిని చూచి గాని, నీటి పేరు విని గాని భయపడితే అది మరణసూచకమని కూడా సుశ్రుతుడు చెప్పాడు. లక్షణం తెలిసింది, కారణం మాత్రం శతాబ్దాల పాటు తెలియలేదు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, కుక్క నాలుక క్రింద ఒక పురుగు ఉంటుందనీ, కుక్కపిల్లగా ఉన్నప్పుడే దానిని తీసివేస్తే పిచ్చి పట్టదనీ వ్రాశాడు. ఈ నమ్మకం యూరపులో చాలాకాలం కొనసాగింది. 1804లో జర్మనీకి చెందిన జింకే, పిచ్చికుక్క లాలాజలాన్ని ఆరోగ్యంగా ఉన్న కుక్క గాయానికి పూసి, ఆ వ్యాధి సంక్రమించడం చూపించాడు. దోషం పురుగులో లేదు, చొంగలోనే ఉన్నదని అలా రుజువైంది.

ఇంతకూ నురుగు ఎందుకు వస్తుంది? రేబీస్ వైరస్ గాయం నుండి నాడుల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. అక్కడి నుండి నాడుల గుండానే లాలాజల గ్రంథులకు దిగుతుంది. ఒకవైపు లాలాజలం అధికంగా ఊరుతుంది. మరొకవైపు గొంతు కండరాలు పట్టు తప్పి మింగడం సాధ్యపడదు. నోట నిలిచిన ఆ ద్రవం వేగంగా వచ్చే శ్వాసతో కలిసి నురుగవుతుంది. రోగి మంచినీరు మింగబోయినా గొంతు బాధతో బిగుసుకుంటుంది, అదే జలభీతి.

మెదడుకు చేరడానికి వైరస్‌కు సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధిలోనే శరీరానికి రక్షణ కల్పించవచ్చునన్నది పాశ్చర్ ఆలోచన. 1885 జూలై 6న జోసెఫ్ మీస్టర్ అనే 9 ఏండ్ల బాలునికి, ఎండబెట్టిన కుందేలు వెన్నుపాముతో తయారుచేసిన టీకా ఇప్పించాడు. పాశ్చర్ వైద్యుడు కాడు గనుక సూది వేసినది డాక్టర్ గ్రాంషే. బాలుడు బ్రతికాడు.

మన దక్షిణాదికి 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలసింది. గొర్రె మెదడుతో చేసే టీకాను డేవిడ్ సెంపుల్ కసౌలీలో రూపొందించాడు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లని మన పెద్దలు భయపడినది దానికే. అరుదుగా పక్షవాతం కూడా కలిగించిన ఆ టీకా ఇప్పుడు మన దేశంలో లేదు. నేడు ఇచ్చేవి కణజాల టీకాలు. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో నాలుగు విడతలు చాలు.

పాఠకులు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. నురుగు కనిపించినంత మాత్రాన రేబీస్ కాదు. మూర్ఛలోనూ, పురుగుమందు విషప్రభావంలోనూ నురుగు రావచ్చు. అట్లే, నురుగు లేనంత మాత్రాన కుక్క క్షేమమని అనుకోరాదు. లక్షణాలు బయటపడడానికి కొన్ని రోజుల ముందే లాలాజలంలో వైరస్ ఉంటుంది.

కావున కుక్క కరిచిన వెంటనే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు పూయకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. రోగి నోట నురుగు కనిపించిన తరువాత వైద్యుడు చేయగలిగినది దాదాపు ఏమీ ఉండదు. అంతకు ముందు మాత్రం చేయగలిగినది ఎంతో ఉన్నది.