నల్ల తెర వెనక ఏముంది? లినక్స్ డెస్క్‌టాప్ కథ

ఈసారి ఎపిసోడ్‌లో లినక్స్ డెస్క్‌టాప్ చరిత్ర చెప్పుకున్నాం. డ్యూటీలో ఉండి వినలేనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నా.

మన రూముల్లో పాత ల్యాప్‌టాప్‌లు చాలానే ఉంటాయి. విండోస్ మోయలేని మిషన్‌లో ఎవరో ఉబుంటు వేసి ఇస్తారు. బాగానే నడుస్తుంది. ఒకరోజు అప్‌డేట్ అయ్యాక ఆన్ చేస్తే నల్ల తెర, మూలన మిణుకుమనే గీత. "పోయిందిరా, ఫార్మాట్ కొట్టు" అంటాడు పక్కనోడు. అందులో పిల్లల ఫోటోలు, కాంట్రాక్ట్ స్కాన్‌లు, ఇంటికి డబ్బు పంపిన రసీదులు ఉంటాయి. ఫార్మాట్ కొడితే అన్నీ పోతాయి. కానీ చాలాసార్లు పాడైంది తెర మీది బొమ్మ ఒక్కటే. ఎందుకో చరిత్ర చెబుతుంది.

1984లో అమెరికాలోని ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటీస్ 'ఎక్స్' అనే విండో సిస్టమ్ మొదలుపెట్టారు. తెర మీద కిటికీలు గీయడం దాని పని. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లో కలిపేయకుండా, పైన నడిచే విడి ప్రోగ్రామ్‌గా కట్టారు. 1987లో పదకొండో వెర్షన్ వచ్చింది. ఎక్స్11 అంటే అదే.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ బయటపెట్టినప్పుడు అందులో ఉన్నవి అక్షరాలే, బొమ్మల్లేవు. మరుసటి ఏడాది ఓరెస్ట్ జ్‌బొరోవ్‌స్కీ ఎక్స్‌ని లినక్స్ మీదికి తెచ్చాడు. అంటే ఇల్లు ముందే నిలబడింది, రంగు తర్వాత పడింది. రంగు ఊడితే ఇల్లు కూలదు కదా.

ఈ కథలో వేల్స్ కూడా ఉంది. ఇక్కడ కార్డిఫ్ నుంచి రైల్లో గంట పోతే స్వాన్సీ. అక్కడి యూనివర్సిటీ కంప్యూటర్ సొసైటీ మిషన్‌లో అలన్ కాక్స్ తొలినాళ్ళ లినక్స్ వేశాడు. రద్దీ నెట్‌వర్క్‌కి కలిపేసరికి తప్పులు బయటపడ్డాయి. ఆయన దాన్ని పారేయలేదు. తప్పుల్ని వెతికి సరిచేస్తూ పోయాడు. తర్వాత 2.2 కెర్నెల్ బాధ్యత ఆయన చేతికే వచ్చింది.

అప్పట్లో తెర రావడమే పెద్ద పని. ఎక్స్‌ఫ్రీ86 సెట్టింగ్ ఫైల్‌లో మానిటర్ ఫ్రీక్వెన్సీ మనమే రాయాలి. అంకె తప్పితే కొన్ని పాత మానిటర్లు పాడయ్యే ప్రమాదం ఉండేది. 2004లో లైసెన్స్ గొడవ వచ్చి చాలామంది ఎక్స్.ఆర్గ్ వైపు వెళ్ళారు. తర్వాత మానిటర్‌ని అదే గుర్తుపట్టడం నేర్చుకుంది. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వేలాండ్ మొదలుపెట్టాడు. కొత్త ఉబుంటు, ఫెడోరాల్లో మామూలుగా వచ్చేది అదే. ఇన్ని మారినా బొమ్మ వేరు, కింది సిస్టమ్ వేరు అన్నది మారలేదు.

అందుకే నల్ల తెర వస్తే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. అక్షరాల లాగిన్ వస్తే సిస్టమ్ బతికే ఉంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడదు, కంగారొద్దు. ముందు 'డీఎఫ్ మైనస్ హెచ్' కొట్టండి. డిస్క్ నూటికి నూరు నిండినా డెస్క్‌టాప్ లేవకపోవచ్చు. తర్వాత 'జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ' చూడండి. అది మన సైట్ డైరీ లాంటిది, ఆన్ చేసినప్పటి నుంచి జరిగిందంతా అందులో రాసి ఉంటుంది. ఎక్స్.ఆర్గ్ లాగ్‌లో అయితే రెండు 'ఈ'లు ఉన్న లైన్లే తప్పులు.

అప్‌డేట్ తర్వాతే చెడితే, కొత్త కెర్నెల్‌కీ గ్రాఫిక్స్ డ్రైవర్‌కీ పొత్తు కుదరకపోయి ఉండొచ్చు. రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోకి పోయి పాత కెర్నెల్ ఎంచుకోండి.

అదీ కుదరకపోతే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ ఉబుంటు ఎక్కించి, ముందు ఫోటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఫార్మాట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.