హాజరు పట్టీలో మామిడి కాపు

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, మన బడి చరిత్రలో ఇంతవరకూ ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తానన్నాను. కొత్త గదులు ఎప్పుడు కట్టారో, ఏ బ్యాచికి ఎన్ని ఫస్టు క్లాసులు వచ్చాయో పెద్దలు చాలాసార్లు చెప్పారు. వేసవి సెలవుల్లో మనలో చాలామంది ఎక్కడుండేవాళ్లో మాత్రం ఎవరూ చెప్పలేదు. మామిడి తోటల్లో ఉండేవాళ్లం.

నూజివీడు చుట్టుపక్కల ఎర్రనేలల్లో మామిడి ఎంత పాతదో మీకు చెప్పక్కర్లేదు. జమీందారీల రోజుల్లోనే ఈ కాయకి పేరుంది. మా చిన్నప్పుడు తోట రైతుదే అయినా కాపు మాత్రం చాలావరకు గుత్తదారుది. పూత చూసి, ఇంత కాస్తుందని అంచనా కట్టి, రైతుకి కొంత డబ్బు ముందే ఇచ్చి కాపు మొత్తం కొనేసేవాడు. ఆ పూత మంచుకి మాడినా, పిందె గాలికి రాలినా నష్టం అతనిది. అందుకే కూలీలని కూడా ముందే కట్టేసుకునేవాడు. సంక్రాంతికి డబ్బు అవసరమైన ఇళ్లకి బయానా ఇచ్చేవాడు, కాపు అయ్యేదాకా ఆ ఇంటిల్లిపాదీ తోటలో పనిచెయ్యాలి. పెళ్లి ఖర్చో, ఇంటికప్పో ఏదైనా సరే, తీర్చేది మామిడికాయే.

నేను 1983 వేసవిలో, తొమ్మిది పూర్తయ్యాక, తోటపనికి వెళ్లాను. మా ఇంట్లో బయానా లేదు. పదో తరగతి పుస్తకాలకీ, ఒక జత బట్టలకీ సరిపడా సంపాదించుకుంటానని నాన్నగారిని బతిమాలి వెళ్లాను. నాతో పాటు మా బెంచీలో కూర్చునే నేస్తం వచ్చాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. వాడిది బయానా ఇల్లు.

నాకు రోజుకి ఆరు రూపాయలు. కిలో రెండు రూపాయల బియ్యం ఆ ఏడే మొదలైంది కాబట్టి లెక్క సులువు: రోజు కూలి మూడు కిలోల బియ్యం. గంపలు మోసే ఆడవాళ్లకి నాలుగు రూపాయలే. నాకంటే ఎక్కువ బరువు మోసేవాళ్లు, నాకంటే ముందే వచ్చేవాళ్లు. ఎందుకలా అని మేస్త్రీని అడిగితే నవ్వాడు.

మొదటి వారం రాలిన కాయ ఏరడం, గంప నింపడం. తర్వాత చిక్కం చేతికిచ్చారు. పొడుగాటి వెదురు గడ, చివర కమ్మీకి కట్టిన వల సంచీ, అంచున చిన్న కత్తి. చూడ్డానికి తేలికే. గడ చివర నాలుగు కాయలు పడేసరికి చేతుల మీద ఎంత బరువు వస్తుందో, తర్వాత ఇంజనీరింగులో మొమెంట్లు చెబుతుంటే నాకు బొమ్మ అక్కర్లేకపోయింది. కాయని తొడిమతో కొయ్యాలి. తొడిమ దగ్గరే విరిగితే సొన చిమ్ముతుంది. కాయ మీద పడితే నల్లమచ్చ, ధర పోతుంది. చెంప మీద పడితే బొబ్బ. జూన్‌లో బడికి వచ్చిన పిల్లల్లో ఎవరు తోటకి వెళ్లారో మొహాలు చూసి చెప్పవచ్చు.

లెక్కపెట్టే ముసలాయన ఒకటి అనేవాడు కాదు. “లాభం, రెండు, మూడు...” అంటూ మొదలెట్టేవాడు. రెండు చేతుల్తో కాయలు విసురుతూ వందలకి వందలు లెక్క తప్పకుండా చెప్పేవాడు. బడి మొహం చూడలేదట.

కాయలు పెట్టెల్లో వరిగడ్డి పరిచి సర్దేవాళ్లు. మధ్యలో కాగితం పొట్లాలు పెట్టేవాళ్లు, అందులో కార్బైడు ముక్కలు. పదో తరగతిలో సైన్సు మాస్టారు కాల్షియం కార్బైడు మీద నీళ్లు పోసి ఎసిటిలిన్ చూపిస్తున్నప్పుడు, వెనక బెంచీల నుంచి “మామిడి పెట్టె వాసన” అని ఒక్కసారిగా అన్నారు. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కల్మషాలుంటాయని దాన్ని నిషేధించారు. 2016 నుంచి ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి ఉంది. మేం ఆ పొట్లాలు ఒట్టి చేతులతో కట్టాం.

అసలు సంగతికి వస్తాను. కాపు అంతా ఒకేసారి రాదు. ముందు బంగినపల్లి. తోలు గట్టి, దూరం పోతుంది, లారీలన్నీ దానికే. తర్వాత రసాలు. పిసికి జుర్రుకోవాల్సిన పండు కాబట్టి ప్రయాణానికి ఆగవు. చిట్టచివర, మనవాళ్లు కలెక్టర్ అనే తోతాపురి. అది గుజ్జు ఫ్యాక్టరీల కాయ, జూన్ దాటి జూలైలోకి పోతుంది. బడి తెరిచేది జూన్ రెండో వారంలో. బయానా లేని పిల్లలు రసాలతో బయటపడి బడికొచ్చేవాళ్లు. బయానా ఇళ్ల పిల్లలు కలెక్టర్ అయ్యేదాకా రాలేరు.

ఆ ఏడు మేలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. పొద్దున్నే వెళితే చెట్ల కింద నేల కనిపించలేదు. రాలిన కాయ ఊరగాయకీ ఒరుగులకీ ఎంతకో అంతకి పోయింది. గుత్తదారు మా పదిరోజుల కూలి ఆపేశాడు. నాన్నగారు రెండుసార్లు తిరిగితే నాది వచ్చింది. బయానా ఇళ్లవాళ్లకి మాత్రం ఆ పదిరోజులూ లెక్కలో పడలేదు, చివరి కాయదాకా ఉండాలన్నాడు.

బడి తెరిచారు. నా పక్క చోటు ఖాళీ. వరసగా రానివాళ్ల పేరు కొట్టేయడం అప్పటి పద్ధతి. మన లెక్కల మాస్టారు (ఎవరో ఆ బ్యాచిల వాళ్లకి తెలుసు) ఒక సాయంత్రం సైకిల్ వెనక నన్ను కూర్చోబెట్టుకుని తోట దారి చూపించమన్నారు. నేస్తం వాళ్ల నాన్న తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

“ఇప్పుడు తీసుకెళ్తే బయానా ఎలా తీరుద్దండీ మాస్టారూ? కాయ అయిపోగానే పంపిత్తానండీ.”

మాస్టారు వాదించలేదు. “పేరు ఉంచుతాను. కాయ అయిపోయిన మర్నాడు పంపాలి” అన్నారు. తిరిగొచ్చేటప్పుడు, “శనివారం శనివారం నీ నోట్సు వాడికివ్వు” అని మాత్రం నాతో చెప్పారు.

అలా జూన్ 25 శనివారం నేను కాపలా పాకలో ఉన్నాను. నోట్సు తీసుకెళ్లానే గానీ, ఆ రాత్రి త్రికోణమితి చదివే పరిస్థితి లేదు. ట్రాన్సిస్టర్లో వరల్డ్ కప్ ఫైనల్. మనవాళ్లు 183కే ఆలౌటయ్యారు, వెస్టిండీస్‌ని 140కి పడగొట్టారు. నేస్తం గంప బోర్లించి దరువేశాడు. పొద్దున్న మళ్లీ కలెక్టర్ కోత.

వాడు జూలై రెండో వారంలో బడికొచ్చాడు. మరుసటి ఏడు థర్డు క్లాసులో పాసయ్యాడు. కాలేజీకి వెళ్లలేదు. ఇప్పుడు వాడే తోటలు గుత్తకి తీసుకుంటాడు. పూత చూసి వాడు చెప్పిన అంచనా పెద్దగా తప్పదు. మొన్న కలిస్తే, కోతకి మనుషులు దొరకడం లేదనీ, పక్క తోట కొట్టేసి పామాయిల్ వేశారనీ చెప్పాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలని పనిలో పెట్టుకోవడం 2016 సవరణతో దాదాపు అన్ని పనుల్లోనూ నేరమైంది. “అది లేకపోయినా పెట్టుకోనురా” అన్నాడు.

కొన్నేళ్ల కిందట ఆఫీసు గది బీరువాలు మారుస్తుంటే నేను ఆ 1983 హాజరు పట్టీ చూశాను. జూన్ పేజీలో వరసల వరసల ఖాళీలు. వాడి పేరు ఎదురుగా రోజూ గైరుహాజరు గుర్తే ఉంది, పేరు మీద గీత మాత్రం లేదు. అలాంటి పేర్లు ఇంకా ఏడెనిమిది కనిపించాయి. మాస్టారు ఎన్ని తోటలకి సైకిల్ తొక్కారో అప్పుడు తెలిసింది.

ఆ పట్టీ అంచులు చెదలు పట్టాయి. స్వర్ణోత్సవ సభకి వచ్చేవాళ్లలో ఎవరైనా మంచి కెమెరా తెస్తే, ఆ రోజు పొద్దున్నే హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని పేజీలన్నీ ఫొటోలు తీద్దాం. ముందు జూన్, జూలై పేజీలు.