వాహన విడిభాగాల దిగుమతి సుంకం (భారతదేశం)

వాహన విడిభాగాల దిగుమతి సుంకం అనగా విదేశాలనుండి భారతదేశానికి తెప్పించుకొనే మోటారు వాహనాల భాగాలపై కేంద్ర ప్రభుత్వం విధించే పన్నుల మొత్తం. ఇది ఒకే పన్ను కాదు. ప్రాథమిక కస్టమ్స్ సుంకం, దానిపై సర్‌ఛార్జి, ఈ రెండూ కలిసిన విలువపై సమీకృత వస్తు సేవల పన్ను వరుసగా పడతాయి. విదేశీ దుకాణం చూపిన ధరకూ, భాగం ఇల్లు చేరేసరికి అయ్యే ఖర్చుకూ ఉండే వ్యత్యాసంలో అధిక భాగం ఈ వరుస వలన, రవాణా ఖర్చు వలన ఏర్పడుతుంది. సుంకం విధించే అధికారం 1962 నాటి కస్టమ్స్ చట్టం నుండి, రేట్లు 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం నుండి వస్తాయి.

నేపథ్యం

1947 నాటి దిగుమతి ఎగుమతి నియంత్రణ చట్టం అమలులో ఉన్నంతకాలం చాలా వస్తువులను తెప్పించుకొనుటకు ముందుగా లైసెన్సు అవసరమయ్యేది. ఆ చట్టం స్థానంలో 1992లో విదేశీ వాణిజ్య చట్టం వచ్చింది. వినియోగ వస్తువులపై మిగిలిన పరిమాణ ఆంక్షలను 2001 ఏప్రిల్ 1న తొలగించారు. నేడు సొంత వాడకానికి ఒక భాగం తెప్పించుకొనే వ్యక్తికి దిగుమతి ఎగుమతి కోడ్ సంఖ్య అక్కరలేదు. గుర్తింపు పత్రాలు ఇస్తే చాలును. తయారీ నిలిచిపోయిన కార్ల యజమానులు, పాత కాలపు కార్లను పునరుద్ధరించేవారు ఈ మార్గాన్ని ఎక్కువగా ఆశ్రయిస్తారు. షెవ్రొలే కార్ల అమ్మకాలు భారతదేశంలో 2017లో ఆగిపోయాయి. ఫోర్డ్ సంస్థ ఇక్కడ కార్ల తయారీని మానుకొంటున్నట్లు 2021లో ప్రకటించింది.

సుంకం లెక్కించే విధానం

సుంకం వస్తువు ధరపై మాత్రమే కాక, ధర, రవాణా ఖర్చు, బీమా కలిసిన విలువపై లెక్కించబడుతుంది. 2007 నాటి విలువ నిర్ధారణ నియమాల ప్రకారం బీమా వివరం తెలియనప్పుడు ధరలో 1.125 శాతాన్ని బీమాగా కలుపుతారు. విమానంలో వచ్చే వస్తువుకు రవాణా ఖర్చు వాస్తవంగా ఎంతైనా, విలువలో కలిపేది ధరలో 20 శాతానికి మించరాదు. కొనుగోలుదారునికి మేలుచేసే ఈ నియమం చాలామందికి తెలియదు.

ప్రాథమిక సుంకాన్ని 2018 బడ్జెట్‌లో అనేక విడిభాగాలపై 15 శాతానికి పెంచారు. విద్యా సెస్సును తొలగించి, ప్రాథమిక సుంకంపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జిని ప్రవేశపెట్టినది కూడ ఆ సంవత్సరమే. విడిభాగాలపై వస్తు సేవల పన్ను చాలాకాలం 28 శాతంగా ఉండి, 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతమైనది.

ఉదాహరణకు 8,000 రూపాయల బంపరు విమానంలో వచ్చినదనుకొందాం. రవాణాకు 5,000 రూపాయలు చెల్లించినా విలువలో చేరేది 1,600 మాత్రమే. బీమా కింద 90 కలుపగా విలువ 9,690 అవుతుంది. దీనిపై 15 శాతం చొప్పున ప్రాథమిక సుంకం 1,453.50, సర్‌ఛార్జి 145.35. ఇవి చేరిన 11,288.85పై 18 శాతం అనగా సుమారు 2,032. మొత్తం సుంకం దాదాపు 3,631 రూపాయలు. పేర్కొన్న రేట్లు 15, 10, 18 శాతాలే అయినా, విలువపై పడిన భారం 37.47 శాతం. ధర, రవాణా, సుంకం కలిపి యజమానికి 16,631 రూపాయలు ఖర్చవుతుంది. వస్తు సేవల పన్ను కింద నమోదైన వ్యాపారి చివరి పన్నును తన ఇతర పన్ను బాకీలో సర్దుబాటు చేసుకొనగలడు. సొంత కారుకు కొనుక్కొనేవారికి ఆ వెసులుబాటు లేదు.

సొంత వాడకానికి టపాలో గాని, విమానంలో గాని వచ్చే వస్తువులకు 9804 అనే ప్రత్యేక శీర్షిక కలదు. దానికింద రేటు వేరు. అది బడ్జెట్‌లలో మారుతూ వచ్చినందున, తెప్పించుకొనే నాటి రేటును చూచుకొనవలెను. బహుమతి అని వ్రాయించి సుంకం తప్పించుకొనే దారి 2019 డిసెంబరులో మూసుకుపోయింది. ప్రాణరక్షక మందులు, రాఖీలు మినహా బహుమతులుగా వచ్చే వస్తువులకు సుంకం లేని దిగుమతిని అప్పుడు రద్దుచేశారు.

వర్గీకరణ

కారులో ఉండే ప్రతి వస్తువూ చట్టం దృష్టిలో కారు భాగం కాదు. బంపరు, గేర్‌బాక్సు, క్లచ్చి, రేడియేటరు 8708 శీర్షికలోనికి వస్తాయి. టైరు 4011, ఇంజను భాగాలు 8409, బేరింగు 8482, బ్యాటరీ 8507, దీపాలు 8512, వెనుక చూచు అద్దం 7009 కిందికి పోతాయి. బోల్టులు, స్ప్రింగుల వంటి సాధారణ వస్తువులు కారుకే చేసినవైనను ఆయా లోహాల అధ్యాయాలలో ఉంటాయి. ఒక్కొక్క శీర్షికకు రేటు వేరుగా ఉండవచ్చును గనుక వివాదాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. రైల్వే సిగ్నలు రిలేలు ఏ శీర్షికలోనివన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళి 2021లో తేలింది.

ఒప్పందాల రాయితీ

భారత–కొరియా ఒప్పందం 2010లో, భారత–జపాన్ ఒప్పందం 2011లో అమలులోకి వచ్చాయి. వీటికింద ప్రాథమిక సుంకంలో రాయితీ పొందుటకు భాగం ఆ దేశంలోనే తయారైనట్లు ధ్రువపత్రం కావలెను. జపాన్ దుకాణం పంపినంత మాత్రాన అది జపాన్ వస్తువు కాదు. 2020 నాటి నియమాలు ఈ రుజువు బాధ్యతను దిగుమతిదారునిపైనే ఉంచాయి.

వాడిన భాగాలు

విదేశాలలో పాత కార్లనుండి విప్పిన ఇంజన్లు, గేర్‌బాక్సులు చవకగా దొరుకుతాయి. అయితే భారత విదేశీ వాణిజ్య విధానంలో యంత్రసామగ్రి వంటి మూలధన వస్తువులు కాని వాడిన వస్తువులన్నీ పరిమిత జాబితాలో ఉన్నాయి. ముందస్తు అనుమతి లేనిదే అవి రాకూడదు. అనుమతి లేకుండా వచ్చినవాటిని అధికారులు జప్తు చేయవచ్చును, జరిమానా విధించవచ్చును. కొత్త టైర్లకైతే భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి.

విడుదల, వాపసు

కొరియరు సంస్థ సుంకాన్ని ముందుగా తానే చెల్లించి, తన సేవా రుసుము చేర్చి వసూలుచేయడం పరిపాటి. ఆ రుసుము ప్రభుత్వానిది కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు అడిగి తీసుకొంటే ఏది సుంకమో, ఏది రుసుమో తెలుస్తుంది. దించిన 30 రోజులలో విడిపించుకొనని సరుకును నోటీసు ఇచ్చి అమ్మివేసే వీలు చట్టంలో ఉన్నది. విలువ తక్కువ చేసి చూపిన ఇన్వాయిసు జప్తుకు దారితీయవచ్చును.

అధికారి నిర్ణయం సరికాదనిపిస్తే 60 రోజులలోపు కమిషనరుకు అప్పీలు చేసుకొనవచ్చును. ఎక్కువగా కట్టిన సుంకం వాపసుకు గడువు ఒక సంవత్సరం. కారుకు సరిపడని భాగం వస్తే, వాడకుండా రెండేళ్ళలోపు తిరిగి పంపినచో 74వ సెక్షను ప్రకారం చెల్లించిన సుంకంలో 98 శాతం వరకు తిరిగి వస్తుంది. వచ్చిన వస్తువే వెళ్ళుచున్నదని అధికారులు గుర్తించగలిగి ఉండవలెను. తిరుగు రవాణా ఖర్చును బట్టి చూస్తే చిన్న భాగాలకు ఇది అరుదుగానే గిట్టుబాటవుతుంది.