మంచినీటి గట్టున నావికమాతలు

షికాగో నగరమునకు ఉత్తరమున దాదాపు 35 మైళ్ల దూరములో, మిషిగన్ సరస్సు గట్టు మీద, అమెరికా నౌకాదళమువారి గ్రేట్ లేక్స్ శిక్షణకేంద్రమున్నది. సరస్సన్న మాటయే గాని దాని ఆవలి గట్టు కంటికానదు. అందు అలలు లేచును, తుపానులు రేగును, ఓడలు మునిగిన కథలును కలవు. అయినను ఆ నీట ఉప్పు లేదు. ఉప్పునీటిని చూడగోరినవాడు అక్కడినుండి వందల మైళ్లు పోవలసినదే. ఇట్టి చోటనే, నేడు ఆ దేశపు నౌకాదళమున సామాన్య నావికులుగా చేరు యువకులందరును, యువతులందరును, తొలిసారి వరుసలో నిలుచుట, త్రాటికి ముడివేయుట, మంటలనార్పుట నేర్చుకొని, పిదపనే సముద్రమునకు పోవుదురు. ఈ శిక్షణకు వాడుకలో ‘బూట్ క్యాంపు’ అని పేరు. పూర్వము క్రొత్తవారు కాళ్లకు చుట్టుకొనిన కేన్వాసు పట్టీలను బట్టియే ఆ పేరు వచ్చెనని కొందరందురు.

ఆ కేంద్రము గోడల లోపలి చరిత్ర వ్రాసినవారు పెక్కురు కలరు. గోడ వెలుపల, ఎక్కడో వెయ్యి మైళ్ల దూరమున వంటయింటి బల్ల దగ్గర కూర్చుండి, టపా కొరకు ఎదురుచూచినవారి చరిత్ర అంతగా వ్రాతకెక్కలేదు. అది యుద్ధముల చరిత్ర గాదు గదా! కాని ఆ కథకు ఆనవాలుగా ఒక వస్తువున్నది. అది ఒక అట్టపెట్టె.

క్రొత్తగా చేరిన రిక్రూటు ఆ కేంద్రమునకు వచ్చిన రాత్రియే ఇంటికి టెలిఫోను చేయును. చేరితిననియు, క్షేమముగా నున్నాననియు రెండు మూడు వాక్యములు, అదియును వ్రాసియిచ్చినది చదివినట్లు, చెప్పి ముగించును. తల్లి ఏదో అడుగబోవునంతలో తీగ మూగవోవును. అటుపిమ్మట అతడు తొడుగుకొని వచ్చిన చొక్కా, పంట్లాము, బూట్లు, నడుముపట్టా అన్నియు ఒక పెట్టెలో పెట్టి, తన చేతితోనే ఇంటి చిరునామా వ్రాసి పంపివేయుట చాలకాలముగా ఆచారము. కొన్ని దినములకు ఆ పెట్టె గుమ్మము చేరును. విప్పిన తల్లికి లోపల ఉతకని మేజోళ్లు, బిడ్డ ఒంటివాసన వదలని చొక్కా అగుపించును. బిడ్డ బ్రదికియున్నాడని, బాగుగనే యున్నాడని ఆమె బుద్ధికి తెలియును. చేతులకు మాత్రము తెలియదు. ఆ బట్టలను ఉతుకవలెనా, అట్లే దాచవలెనా అన్న సందేహముతో ఆమె చాలసేపు నిలిచిపోవును.

ఇట్టి మౌనము నిర్దయ చేత గాక నియమము చేత ఏర్పడినది. పదునెనిమిదేండ్ల పిల్లవానిని కొలది వారములలో నావికునిగా మలచవలెనన్న, అంతవరకు అతనిని పట్టియుంచిన దారము తెగవలెనని ఆ శిక్షణకు మూలసూత్రము. అందుచేత జుట్టు పోవును, సొంత బట్టలు పోవును; నేల ‘డెక్కు’ అగును, గోడ ‘బల్క్‌హెడ్’ అగును, పండుకొను మేడ ‘షిప్పు’ అగును; ఎనుబది మందికి అటునిటుగా గల ఒక ‘డివిజను’ సంఖ్యయే అతని ఊరును, గోత్రమును అగును. అయితే తెగిన దారమునకు రెండు కొనలుండును. లోపలి కొనను శిక్షకుడు పట్టుకొని డివిజనుకు ముడివేయును. వెలుపలి కొన తల్లిదండ్రుల చేతిలో వ్రేలాడుచు మిగులును. దానిని వారేమి చేసిరన్నదే ఈ చరిత్ర.

మన తెలుగునాట బిడ్డల మూలముగా పెద్దలకు కలుగు చుట్టరికమునకు వియ్యమని పేరు. నిన్నటిదాక ముక్కు మొగము తెలియని రెండిండ్లవారు, వీరి పిల్లవాడును వారి పిల్లయు ఒకటైనంతనే, వియ్యంకులును వియ్యపురాండ్రును అగుదురు. ఇంగ్లీషులో ఈ బంధమునకు ఒక్కమాటలో పేరు లేదు. పేరు లేనంత మాత్రమున వస్తువు లేకపోదు: గ్రేట్ లేక్స్ గట్టున పెండ్లి లేకయే వియ్యములు కలియుచు నూరేండ్లు దాటినది.

అమెరికా నౌకాదళమువారు పూర్వము పిల్లవాండ్రను ఓడలమీదనే ఉంచుకొని పని నేర్పెడివారు. నేల మీద తొలి శిక్షణకేంద్రము 1883లో రోడ్ ఐలండు రాష్ట్రమున న్యూపోర్టు వద్ద వెలసినది. అది సముద్రతీరము, అచ్చటి జనులకు ఓడ యన్న ఎరుక కలదు. తరువాత మధ్యపశ్చిమ రాష్ట్రముల పిల్లలును అధికముగా చేరసాగినందున, వారికి దగ్గరలో ఒక కేంద్రముండవలెనన్న తలంపు కలిగెను. షికాగో వర్తకులు 172 ఎకరముల భూమి కొని ప్రభుత్వమునకిచ్చిరి. 1911 జూలై 1వ తేదీన కేంద్రము తెరువబడెను. రెండు దినములకు జోసెఫ్ గ్రెగ్ అను తొలి రిక్రూటు వచ్చెను. అక్టోబరు 28న అధ్యక్షుడు టాఫ్ట్ స్వయముగా విచ్చేసి, శిక్షణ ముగించిన తొలి 300 మంది కవాతును తిలకించెను. వీరిని కన్నవారిలో పెక్కురు మొక్కజొన్న చేలనడుమ పుట్టి పెరిగినవారు. సముద్రమెట్లుండునో ఎరుగని తల్లి, తన కొడుకు సముద్రమున నుండుటను ఊహించుకొనవలసి వచ్చినప్పుడు, ఆమె అడుగగలిగినది అట్టి మరొక తల్లినే గదా!

మొదటి ప్రపంచయుద్ధము వచ్చుసరికి ఆ చిన్న కేంద్రము మహానగరమువలె పొంగి, లక్షా పాతికవేల మందికి శిక్షణ నిచ్చెను. ప్రఖ్యాత వాద్యబృందనాయకుడు జాన్ ఫిలిప్ సౌసా అచ్చట నావికుల బ్యాండ్లను తీర్చిదిద్దెను. అయితే వేలమంది కిక్కిరిసియున్న ఆ బసలలోనికే 1918 సెప్టెంబరులో ఇన్‌ఫ్లుయెంజా ప్రవేశించి, కొలది వారములలో వందలమందిని కబళించెను. సముద్రమును చూడకయే, శత్రువును చూడకయే బిడ్డ పోయెనన్న వార్త నందుకొనిన ఇండ్ల దుఃఖమునకు వీరగాథ యన్న ఊరటయు లేకపోయెను.

ఆ యుద్ధకాలముననే, 1917లో, ఒహాయో రాష్ట్రపు సైనికాధికారి రాబర్టు క్వైసర్, తన కొడుకులిద్దరు సైన్యమున నుండగా, ఒక చిన్న జెండాను కల్పించెను. ఎర్రని అంచు, తెల్లని నడుము, నడుమ నీలినక్షత్రము: ఇంటినుండి ఎందరు కొలువునకు పోయిరో అన్ని నక్షత్రములు. పోయినవాడు తిరిగిరానిచో నీలము మీద బంగారు వన్నె నక్షత్రమును కుట్టుదురు. ఈ జెండాను కిటికీలో వ్రేలాడదీయుట దేశమంతట ఆచారమయ్యెను. గడపకు పసుపును, గుమ్మమునకు తోరణమును చూచి లోపల శుభకార్యమున్నదని మనమెట్లు గ్రహింతుమో, వీధిన పోవుచున్న ఒక తల్లి ఆ కిటికీని చూచి, లోపల తనవంటిది ఒకతె యున్నదని అట్లు గ్రహించెడిది. తలుపు తట్టుటకు అంతకంటె పరిచయమక్కరలేదు.

తలుపులు తట్టుట క్రమముగా సంఘమయ్యెను. 1930లో, మెక్సికో సరిహద్దునకు చేరువనున్న టెక్సాసులోని మెక్ఎలెన్ పట్టణమున, ఎమ్మా జోన్స్ అను గృహిణి నావికుల తల్లులను కూడగట్టి ఒక క్లబ్బును స్థాపింపగా, అది శాఖోపశాఖలై విస్తరించెను. 1942 జనవరిలో మిషిగన్ రాష్ట్రపు ఫ్లింటు నగరమున జార్జి మెయిన్స్ అను సైనికాధికారి, కొలువునందున్న బిడ్డల వివరములను పంపుడని పత్రికలో ఒక ప్రకటన వేయించెను. వెయ్యిమందికి పైగా తల్లులు బదులు వ్రాసిరి. ఫిబ్రవరి 1న మూడువందల మంది ఒక హోటలులో సమావేశమై బ్లూ స్టార్ మదర్స్ సంఘమునకు పునాది వేసిరి. చలికాలపు నడుమ, ఉపన్యాసము వినుటకు గాక, ఒకరినొకరు చూచుకొనుటకు అంతమంది ఇల్లు కదలి రాగలిగిరన్న, అంతవరకు ఆ తల్లులు ఎంత ఒంటరితనమును మ్రింగిరో ఊహింపవచ్చును.

రెండవ ప్రపంచయుద్ధమున గ్రేట్ లేక్స్ ఒక్కటియే సుమారు పది లక్షల మందిని తీర్చి పంపెను. అదియును చాలక ఐడహో కొండలలో పాండొరే సరస్సు వద్ద ఫారగట్టు, న్యూయార్కు రాష్ట్రమున సెనెకా సరస్సు వద్ద శాంప్సను అను కేంద్రములు లేచెను. విచిత్రమేమన, అవియును మంచినీటి గట్టులే. న్యూయార్కు నగరపు హంటరు కళాశాలలో ఎనుబది వేలకు పైగా స్త్రీలు శిక్షణ పొందిరి. స్టాంపు అంటింపవలసిన మూల ‘ఉచితము’ అని చేతితో వ్రాసి సైనికులు ఇంటికి ఉత్తరములు పంపవచ్చునని 1942 మార్చిలో శాసనమయ్యెను. ఆ వ్రాతను చూచుటతోడనే వీధి వీధియంతయు ఎవరింటికి ఉత్తరము వచ్చెనో ఎరుగును; రానివారింటివైపు చూపు త్రిప్పుకొనును. అయితే ఈ వియ్యమునకును వర్ణపు కంచె తప్పలేదు. 1942లో నల్లజాతి రిక్రూట్లకు గ్రేట్ లేక్స్‌లోనే రాబర్టు స్మాల్స్ పేర వేరొక శిబిరమును కట్టిరి. దాస్యముననుండియే ఒక ఓడను చేజిక్కించుకొని స్వేచ్ఛకు నడిపిన వీరుని పేరు పెట్టి, ఆ గోడల నడుమ వేరుపాటును పాటించుట ఆ కాలపు వైపరీత్యము.

ఈ తల్లుల వార్తావాహిని యెంత బలమైనదో, ఎంత క్రూరమైనదో తెలియుటకు అయోవా రాష్ట్రపు వాటర్లూ పట్టణమునకు పోవలెను. సలివన్ దంపతుల కొడుకులు అయిదుగురు 1942 జనవరి 3న ఒక్కటిగా చేరి, గ్రేట్ లేక్స్‌లో శిక్షణ పొంది, ఒక్క ఓడమీదనే ఉండవలెనని పట్టుబట్టి, జూనో అను క్రూయిజరునెక్కిరి. నవంబరు 13న అది గ్వాడల్‌కెనాల్ చెంత మునిగెను. యుద్ధకాలపు గోప్యత వలన ప్రభుత్వము పెదవి విప్పలేదు. కాని ఆ ఊరనే ఉన్న మరొక తల్లి, తన కొడుకు ఉత్తరములో తెలిసిన వార్తను, సలివన్ తల్లికి వచ్చి చెప్పినది: అయిదుగురును పోయిరని వినికిడి. ఆ తల్లి అలీటా 1943 జనవరిలో, ఇది నిజమా యని నౌకాదళమునకు ఒక వినయపూర్వకమైన ఉత్తరము వ్రాసెను. అధికారికమైన జవాబు గుమ్మము చేరక మునుపే పొరుగింటి వియ్యము చేరెను. తోడుండుట యనగా మంచివార్తలనే మోయుట గాదు; ఆ కబురును మోసుకొని ఆ వీధిలో నడచి, ఆ తలుపు తట్టిన ఆ పేరులేని స్త్రీ అడుగులెంత బరువుగా పడినవో ఎవ్వరు చెప్పగలరు? తరువాత సలివన్ దంపతులు దేశమందలి యుద్ధపరిశ్రమల చుట్టు తిరిగి, ఇతరుల బిడ్డల కొరకు పాటుపడుడని పనివారిని కోరిరి. అదే సంవత్సరము ఏప్రిలులో, ఆ అయిదుగురి పేర కట్టిన ఓడను తల్లియే జలప్రవేశము చేయించెను. వారి సోదరి నౌకాదళపు స్త్రీవిభాగమున చేరెను.

యుద్ధానంతరము సంఘముల సందడి తగ్గినను అవసరము తగ్గలేదు. 1970లో నౌకాదళాధిపతి అడ్మిరల్ జుమ్‌వాల్ట్ ప్రతి దళమునందును కుటుంబముల మాటను అధికారికి చేరవేయు మధ్యవర్తులను ఏర్పరచెను. తక్కిన శిక్షణకేంద్రములైన శాన్‌డియెగో, ఓర్లాండోలు 1993 నాటి నిర్ణయము ననుసరించి మూతబడగా, గ్రేట్ లేక్స్ ఒక్కటియే మిగిలెను. అందుచే దేశపు నలుమూలల తల్లుల చూపులును నేడు ఆ ఒక్క గట్టు మీదనే కలియుచున్నవి. థాంక్స్‌గివింగ్ పండుగనాడు, ఇంటికి పోలేని రిక్రూట్లను పరిసర గ్రామములవారు పిలిచి భోజనము పెట్టుట ఆచారము. తన బిడ్డ ఎవరియింట తినుచున్నాడో ఎరుగని తల్లి, ఆ ఇంటి ఇల్లాలికి ఎన్నడును చూడకయే ఋణపడును.

శిక్షణ చివరిభాగమున ఒక రాత్రి, తెల్లవారువరకు సాగు పరీక్ష ముగిసిన పిదప, ‘రిక్రూటు’ అని వ్రాసిన టోపీ తీసి ‘నేవీ’ అని వ్రాసినదానిని పెట్టుదురు. అప్పుడు బిడ్డ మరల టెలిఫోను చేయును. ఒక డివిజను కుటుంబములలో ఒకరింట గంట మ్రోగుటతోడనే ఆ వార్త తక్కిన ఇండ్లకు పాకును. మ్రోగనివారిని మ్రోగినవారు ఓదార్చుదురు.

శిక్షణ ముగింపు కవాతునాడు రాష్ట్రరాష్ట్రములనుండి వచ్చినవారు అంచెలుగా కట్టిన బల్లలపై కూర్చుందురు. ఒకే డివిజను సంఖ్యను పట్టి వెదకుకొనుచు వచ్చినవారు, పేర్లకు ముందు ఆ సంఖ్యనే చెప్పుకొని చేతులు పట్టుకొందురు. కవాతు ముగిసి పిల్లలను విడువగానే తల్లులు పరుగెత్తుదురు. ప్రయాణపు ఖర్చునకు ఓర్వలేకయో, రోగము వలననో ఒక తల్లి రాలేదనుకొందము. ఆమె బిడ్డ ఆ సందడిలో ఒక్కడై, చేతులు వెనుకకు కట్టుకొని, ఎటు చూడవలెనో తెలియక నిలుచును. ఆ గుంపులోనుండి, అతడెన్నడును చూడని ఒక స్త్రీ వచ్చి, అతని తల్లి పంపిన మాటను చెవిలో చెప్పి, కౌగిలించుకొని, ఆ తల్లికి చూపుటకొక ఫోటో తీసికొనును.