చక్రాల మీద కాపురం

"అక్కా, ఇంకో ఇల్లు కొందామనుకుంటున్నాం" అని మా తమ్ముడు అమెరికా నించి ఫోను చేస్తే సంతోషించి, "ఎన్ని గదులురా?" అని అడిగాను.

"ఒకటే గది. ఆరు చక్రాలు" అన్నాడు.

మోటార్ హోమ్‌ట. ముందు డ్రైవరు సీటు, వెనకాల పడక, మధ్యలో పొయ్యి, సింకు, ఒక మూల అగ్గిపెట్టె అంత బాత్‌రూము. అందులోనే వండుకుని తింటూ, ఎక్కడ పొద్దుపోతే అక్కడ ఆగి పడుకుంటూ దేశమంతా తిరగొచ్చుట. కొత్తవాటి ధర వింటే కళ్ళు తిరుగుతాయి కనక పాతదే కొంటాడట, అందులోనూ డీజిల్‌దే కావాలట. "మరి మా మరదలు ఏమంటోంది?" అన్నాను. "ఏమీ అనటంలేదు" అన్నాడు. ఆడది ఏమీ అనకపోవటానికి అర్థమేమిటో ఇన్నేళ్ళు కాపురం చేసినా వాడికి తెలియలేదు పాపం.

నాకు ఇంజన్ల సంగతి ఏం తెలుసు? అయితే ఏ వస్తువైనా మొదట ఎవరింట్లో పుట్టిందో తెలుసుకోందే నాకు నిద్రపట్టదు. ఫోను పెట్టేసి పుస్తకాలు తిరగేశాను.

సరదా కోసం ఇలాంటి ఇంట్లో ఊళ్ళు తిరిగిన తొలి పెద్దమనుషుల్లో డాక్టర్ గోర్డన్ స్టేబుల్స్ ఒకాయన. స్కాట్లండు మనిషి. బ్రిటిష్ నౌకాదళంలో డాక్టరుగా చేసి, ఆ ఉద్యోగం వదిలేశాక పిల్లల కోసం సాహస కథలు రాసుకుంటూ బతికాడు. 1885లో బ్రిస్టల్‌లోని బళ్ళ కంపెనీ చేత చక్కటి మహాగని చెక్క బండి ఒకటి చేయించుకున్నాడు. దాని పేరు 'వాండరర్'. అంటే మన భాషలో దేశదిమ్మరి! లోపల సోఫా, పుస్తకాల బీరువా, నూనెతో వెలిగే వంటపొయ్యి. అప్పటిదాకా అలాంటి బళ్ళలో కాపురమున్నది జిప్సీలూ, సంతల్లో ఆటలాడేవాళ్ళూ. వాళ్ళు తిరిగింది సరదాకి కాదు, పొట్టకోసం. డాక్టరుగారు మాత్రం తనని తాను 'జెంటిల్మన్ జిప్సీ' అని చెప్పుకున్నాడు.

సామానంతా సర్దితే బండి బరువు ఇంచుమించు రెండు టన్నులు. లాగేవి రెండే రెండు గుర్రాలు. ఫోలీ అనే నౌకరు మూడు చక్రాల సైకిలెక్కి ముందు వెళుతూ, వెనక ఇంత పెద్ద బండి వస్తోందని ఎదురొచ్చేవాళ్ళని హెచ్చరించేవాడు. ఆ వేసవిలో అలా స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ దాకా 1300 మైళ్ళు వెళ్ళారు. బండితోబాటు కోచ్‌మన్, ఫోలీ, ఒక పెద్ద న్యూఫౌండ్‌లండ్ కుక్క, ఒక చిలుక. ఈ జాబితాలో భార్య ఎక్కడా అని వెతికాను. కనబడలేదు. వంట చేసిపెట్టే ఫోలీ ఉండగా కాపురం చక్రాల మీదయితేనేం, గాలిలోనయితేనేం!

కాని డాక్టరుగారు నిజాయితీపరుడు. దారిలో పడ్డ సుఖాలతోబాటు కష్టాలూ రాసి, మర్నాటి ఏడాదికల్లా పుస్తకం వేశాడు. ఎత్తులొచ్చినప్పుడల్లా గుర్రాల అవస్థ ఆయన గుండెల్లో రాయి. ఇంటికి కావలసినవన్నీ పెడితే బరువు, బరువు తగ్గిద్దామంటే అది ఇల్లు కాదు. ఆ పేచీ ఇప్పటికీ తీరలేదు. గుర్రాల చోటికి ఇంజన్ వచ్చిందంతే.

ఇదంతా దొరల ముచ్చట అనుకోకండి. చక్రాల మీది ఇల్లు మన ఊళ్ళోకీ వచ్చింది. 1982లో ఎన్.టి.రామారావుగారి చైతన్యరథం మీలో చాలామంది చూసే ఉంటారు. పాత షెవర్లే వ్యాను. దాన్ని మార్పించి, పైకెక్కి మాట్లాడటానికి వీలుగా చేయించుకున్నారు. కొడుకు హరికృష్ణ నడిపేవాడు. నెలల తరబడి ఆయనకి అదే ఇల్లు, అదే ఆఫీసు, అదే వేదిక. స్నానం రోడ్డు పక్కన. 1983 జనవరి ఎన్నికల్లో ఏమయిందో అందరికీ తెలిసిందే. నాకు మాత్రం ఇప్పటికీ ఒక సందేహం మిగిలిపోయింది. ఆ రోజుల్లో ఆ బట్టలన్నీ ఎవరు ఉతికారో!

సరే, డీజిల్ సంగతికి వద్దాం. అమెరికాలో 1973లో జి.ఎం.సి. కంపెనీ అందమైన మోటార్ హోమ్ ఒకటి బజారులోకి తెచ్చింది. ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది కనక కింద పొడవాటి ఇరుసు అక్కర్లేదు, అందువల్ల లోపలి నేల కిందికి దిగి, మనిషి హాయిగా నిలబడటానికి చోటొచ్చింది. ఇంజన్ మాత్రం ఏడున్నర లీటర్ల పెట్రోలు రాక్షసి. గాలన్‌కి పది మైళ్ళిస్తే గొప్ప. అదే ఏడాది అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. పెట్రోలు బంకుల ముందు, మన కిరసనాయిలు క్యూల్లాగా, కార్లు బారులు తీరాయి. 1978కి ఆ బండి తయారీ ఆగిపోయింది.

తక్కువ తాగి ఎక్కువ దూరం లాగే ఇంజన్ ఏదీ అంటే డీజిల్. దీనిలో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని ఇరవై వంతులకి పైగా నొక్కేస్తే అది కొలిమిలా కాగుతుంది, అందులో చమురు చిమ్మితే తనంతట తనే అంటుకుంటుంది. అంత ఒత్తిడి తట్టుకోవాలంటే ఇంజన్ ఒళ్ళు గట్టిగా ఉండాలి. ఇక్కడే ఒక పెద్ద సంస్థ బోల్తాపడింది. ఓల్డ్స్‌మొబిల్ వారు 1978 మోడలు నించి కార్లలో పెట్టిన డీజిల్ ఇంజన్‌లో తలకాయని పట్టి ఉంచే బోల్టులు ఆ ఒత్తిడికి చాలలేదు. చమురులో కలిసిన నీటిని వేరుచేసే జల్లెడలాంటి పరికరమూ పెట్టలేదు. కొన్నవాళ్ళు కోర్టులకెక్కారు. డీజిల్ అంటేనే అమెరికా వాళ్ళకి కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి.

అలాంటి రోజుల్లో బిల్ కాలిన్స్ అనే ఇంజనీరు మిషిగన్‌లో 'విక్సెన్' అనే డీజిల్ మోటార్ హోమ్ తయారుచేశాడు. ఇంటి గరాజులో పట్టేటంత పొట్టిది. ఆగాక పైకప్పు పైకి లేపుకుంటే లోపల నిలబడొచ్చు. పొడవు 21 అడుగులు. వెనకవైపు బి.ఎం.డబ్ల్యూ. వారి ఆరు సిలిండర్ల టర్బో డీజిల్, 115 హార్స్‌పవరు. అంటే డాక్టరుగారి రెండు గుర్రాల చోట నూటపదిహేను! గాలన్‌కి 30 మైళ్ళు ఆయన లక్ష్యం. 1986లో అమ్మకానికొచ్చింది. అయితే గేర్లు చేత్తో మార్చుకోవాలి. ఆటోమేటిక్‌కి అలవాటుపడ్డ దేశంలో అది చిన్న ఇబ్బంది కాదు. 1988లో పైకప్పు ఎత్తుచేసి, పైన ఏసీ పెట్టి, పెట్రోలు ఇంజనూ ఆటోమేటిక్ గేర్లూ వేసి ఇంకో రకం తెచ్చారు. ఏ గుణం కోసం దాన్ని కన్నారో ఆ గుణమే పోయింది. అన్నీ కలిపి ఆరువందల బళ్ళయినా పూర్తికాకుండానే, 1989లో తయారీ ఆగింది.

కంపెనీ పోయినా బళ్ళు పోలేదు. కారణం కొన్నవాళ్ళే. సామాను కావాలంటే మోటార్ హోమ్ పేరు చెప్పొద్దు, అదే ఇంజన్ ఉన్న బి.ఎం.డబ్ల్యూ. 524 టి.డి. కారు పేరు చెప్పండి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాల్వులని నడిపించే బెల్టు తెగితే ఇంజన్ మొత్తం పాడవుతుంది, తెగేదాకా ఆగకుండా ముందే మార్చుకోండన్నారు. మన పక్కింటి పిన్నిగారు పాత గ్రైండరు ఎక్కడ బాగుచేస్తారో చెప్పినట్టన్నమాట.

ఇదంతా మా తమ్ముడికి చదివి వినిపించాను. వాడూ ఊరుకోలేదు. క్యాంపుల దగ్గర ఆగి, పాత డీజిల్ బళ్ళలో ఏళ్ళతరబడి తిరుగుతున్నవాళ్ళని పలకరించాడు. మగవాళ్ళు ఇంజన్ గురించి చెప్పారట. బండిని నెలల తరబడి కదపకపోతే చమురు ట్యాంకులో నీరు చేరి నాచులాంటిది పెరుగుతుందిట, ఫిల్టరు పూడుకుపోతుందిట. టైరు కొత్తగా మెరుస్తోందని మోసపోవద్దుట, దాని మీద అచ్చువేసిన తయారీ తేదీ చూడాలిట. పైగా అక్కడ డీజిల్ ఇప్పుడు మామూలుగా పెట్రోలు కంటే ఖరీదే కనక, ఆదా అవుతుందన్న ఆశ ఒక్కటీ పెట్టుకుని కొనవద్దన్నారట.

ఆడవాళ్ళు ఇంజన్ ఊసే ఎత్తలేదట. బాత్‌రూము పక్క నేలని మడమతో గట్టిగా తొక్కి చూడు, మెత్తగా తగిలితే నీళ్ళు కారుతున్నట్టే అన్నారట. పైకప్పు అంచులు తడిమి చూడమన్నారట. నేను విని ఆశ్చర్యపోయాను. ఇల్లు కొనేముందు ఒక వానాకాలం చూసి కొనమని మా అమ్మమ్మ అనేది కూడా ఇదే కదా!

చివరికి ఒక బండి కొన్నారు. ఏ కంపెనీదో చెప్పను, వాడు చెప్పొద్దన్నాడు. కొనగానే ఇంజన్‌కి ఏమేం మార్చాలో వాడు రెండు పేజీల జాబితా రాసుకున్నాడు. అప్పుడు నోరు విప్పింది మా మరదలు.

"దాన్ని పది రోజులు మన పెరట్లోనే పెట్టండి. నేను అందులోనే వండుతాను, అందులోనే పడుకుందాం. ఆ తరవాత మాట్లాడదాం."

నాలుగోరోజు ఫోనులో నాతో అంది: "వదినా, పొయ్యి పైన అలమారు ఎంత కిందికి ఉందంటే, కుక్కరు పెట్టాను గానీ వెయిట్ పెట్టటానికి చెయ్యి పట్టలేదు. కూత ఎట్లా వస్తుంది?"

మర్నాడు మా తమ్ముడు ఆ రెండు పేజీల జాబితా పక్కన పెట్టి, స్క్రూడ్రైవరు తీసుకుని అలమారు ఊడదీశాడు.