పటంలో ఎదిగే మనిషి

బొమ్మలతో కథ చెప్పటం పసిపిల్లలకోసం చేసే పని అనే అభిప్రాయం మన విద్యావంతుల్లో బలంగా వున్నది. నవలలోనూ కథానికలోనూ పాత్రపోషణను గురించి వందల పుటలు రాసిన మన విమర్శకులు బొమ్మల కథను ఆ దృష్టితో పరిశీలించిన సందర్భాలు తక్కువ. ఈలోపు ఆ పనిని విద్యార్థులే ప్రారంభించారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీల్లో చదివే కుర్రవాళ్లు జపాను బొమ్మల కథలను సెల్‌ఫోన్లలో చదువుతున్నారు. వాటిని మాంగా అంటారు. గీతలో బలం యెక్కడున్నదో, మొదటి భాగంలో పిరికివాడుగా కనిపించినవాడు పదో భాగానికి యెట్లా మారాడో వాళ్లు తర్కించుకుంటూ వుంటే, మనం క్లాసులో చెప్పే పాఠంకంటె ఆ తర్కమే సజీవంగా వున్నదని నాకు అనిపించింది. కాని ఆ తర్కం చివర తరచు ఒక మాట వస్తుంది: మనకు ఇట్లాంటిది లేదు.

ఆ మాట నిజం కాదు. వున్నది. యెట్లా వున్నదో, యెక్కడ ఆగిపోయిందో, ఆగిపోవటానికి కారణమేమిటో తెలుసుకోవటం అభ్యుదయవాదులకు అవసరమని నా ఉద్దేశం.

తెలంగాణాలో బొమ్మల కథకు పేరు పటం. దాన్ని రాసేవారు నకాషీలు. వరంగల్ జిల్లాలో వుండి, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల వారికి ముఖ్య కేంద్రం. సుమారు మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవుగల ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టుబంక కలిపి పూతమీద పూత వేసి ఆరబెడతారు. ఆ గుడ్డను అడ్డంగా గడులు గడులుగా విభజించి, గడికీ గడికీ మధ్య పూలబద్దె గీసి, ఎర్రని నేలమీద కథ నడుపుతారు. పటాన్ని చుట్టగా చుట్టి వుంచి, కథ చెప్పేటప్పుడు కర్రకు వేలాడదీసి, ఒక్కొక్క గడి విప్పుతూ పోతారు. ఒక కథ కొన్ని రాత్రులు సాగుతుంది. అప్పటి ప్రేక్షకులకు రాబోయే గడి కనిపించదు. దానికోసం యెదురుచూడాలి. తరువాయి భాగంకోసం యెదురుచూసే నేటి విద్యార్థి అనుభవం ఇదే.

ఇది ఎంత పాతదో చూడండి. భావనాఋషి కథను చెప్పే ఒక తెలంగాణా పటం హైదరాబాదులోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో వున్నది. దానిమీది తేదీ క్రీ. శ. 1625. అంటే గోలకొండలో ముహమ్మద్ కుతుబ్‌షా పరిపాలన చివరి రోజులు. జపానులో హొకుసాయి తన గీతల పుస్తకానికి మాంగా అని పేరు పెట్టి మొదటి సంపుటం వెలువరించింది 1814లో. జపానులోనూ అంతకు పూర్వం చుట్టపటాలున్నాయి. కప్పలూ కుందేళ్లూ మనుషుల్లా ప్రవర్తించే పన్నెండో శతాబ్దపు పటాలు ప్రసిద్ధమైనవి. మేము ముందా మీరు ముందా అని పోటీ పెట్టటానికి ఈ తేదీలు చెప్పటం లేదు. రెండు దేశాల్లోనూ బొమ్మల కథ చుట్టపటం నుంచే వచ్చిందని చెప్పటమే నా ఉద్దేశం.

పటం ఒక్కరి కళ కాదు. దానిలో ముగ్గురున్నారు: రాసే నకాషీ, చెప్పే ఆశ్రితకులం, వినే పోషకకులం. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషి కథలు చెపుతారు. ముదిరాజులకు కాకిపడిగెలవారు పాండవుల కథ చెపుతారు. చాకళ్లకు పటంకథవారున్నారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెపుతారు. ఏ ఊళ్లపై ఎవరికి అడిగే హక్కు వున్నదో వంశాలవారీగా పంచుకుని వుంటారు. కథ చెప్పినందుకు వచ్చేది ధాన్యం, బట్టలు, కొంత డబ్బు. ఇది భూస్వామ్య సమాజపు ఏర్పాటు, దాన్ని కీర్తించనక్కరలేదు. కాని ఆ ఏర్పాటులోనే, రాజుగారి కొలువులో చోటులేని కులాలు తమ చరిత్రను తామే బొమ్మ కట్టించుకున్నాయన్న సత్యాన్ని విస్మరించకూడదు.

సిరిసిల్లకూ కోరుట్లకూ సంబంధించిన విషయం ఇక్కడే వున్నది. అవి నేతవారి పట్టణాలు. నేతవారి పటంలో నాయకుడు రాజు కాదు, యోధుడూ కాదు, బట్ట నేసేవాడు. మార్కండేయుడి హోమంలో భావనాఋషి పుడతాడు. తామరతూళ్ల దారంతో దేవతలకు బట్ట నేస్తాడు. పులిని లొంగదీస్తాడు. కాలవాసురుడనే రాక్షసుణ్ణి ఎదుర్కొంటాడు. సూర్యుడి కుమార్తె భద్రావతిని పెళ్లాడతాడు. అతని సంతతినుంచి నూటొక్క గోత్రాలు ఏర్పడతాయి. దేవతలకైనా ఒంటిమీద గుడ్డ కావాలంటే మగ్గం దగ్గరికి రావలసిందే అనేది ఈ కథలోని ధీమా. శ్రమను ఇంత సూటిగా నాయకస్థానంలో నిలిపిన కథ మన శిష్టసాహిత్యంలో ఎన్ని వున్నాయో వెదకవలసిందే.

ఇక చిత్రణ సంగతి. నకాషీ బొమ్మలో దూరం, దగ్గర లేవు, నీడ లేదు. ముఖ్యుడు పెద్దగా వుంటాడు. ఒకసారి నిర్ణయించిన వేషం, వర్ణం, ముఖం చివరి గడిదాకా మారవు. రాత్రి దీపపు వెలుగులో, గుంపులో వెనక కూర్చున్నవాడు కూడా నాయకుణ్ణి గుర్తుపట్టాలి గనక ఇది అవసరం. చదువుకున్నవారు దీన్ని చూచి, ఈ పాత్రలకు ఎదుగుదల లేదు, అన్నీ అచ్చుబొమ్మలు అంటారు. ముఖం మారటమే ఎదుగుదల అనుకుంటే ఆ మాట నిజమే. మాంగాలో ముఖం మారుతుంది: కన్ను పెద్దదవుతుంది, చెమట చుక్క రాలుతుంది, ఒక చూపుకోసం ఒక పుట మొత్తం కేటాయిస్తారు.

పటంలో మారేది ముఖం కాదు, సంబంధం. మొదటి గడిలో హోమం ముందు ఒంటరిగా వున్నవాడు మరొక గడిలో పనిముట్ల ముందు వుంటాడు. ఒకచోట యెదుట దేవతలుంటారు, మరొకచోట మృగం, ఇంకొకచోట భార్య, చివరికి సంతానం. చేతిలోని వస్తువు మారుతుంది. శరీరపు వంపు మారుతుంది. పక్కన నిలిచేవారు మారతారు. ముఖం ఒక్కటే అయినందువల్ల ఆ మార్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలినది కథకుడి గొంతు పూర్తి చేస్తుంది. కనుక పటంలో పాత్ర గడిలో లేదు. గడికీ గడికీ మధ్య వున్నది.

ఈ కొలతతో మాంగాను కూడా చూడవచ్చు. మన విద్యార్థులు చదివే కథల్లో చాలా భాగం పెద్ద వ్యాపార సంస్థల వారపత్రికల్లో వచ్చినవి. 1968లో మొదలైన షోనెన్ జంప్ పత్రిక పాఠకుల ఓట్లు సేకరించి, ఆదరణ లేని కథను ఆపివేసే పద్ధతికి పేరుపొందింది. అటువంటి కథ ప్రతివారం బతికి వుండాలి. అందువల్ల నాయకుడు ఒక శత్రువును జయించగానే అంతకంటె బలవంతుడు తయారవుతాడు. నాయకుడి బలం పెరుగుతూ పోతుంది గాని, అతను లోకంలో నిలబడిన చోటు మారదు. దీన్ని పెరుగుదల అనాలి. ఎదుగుదల అనటానికి వీలులేదు.

కాని మాంగా అంతా ఇదే అనుకోవటం పొరపాటు. జపానులో 1930 ప్రాంతాల ఆర్థిక సంక్షోభకాలంలో, పని దొరకనివారు ఎందరో సైకిలుమీద చెక్కచట్రం కట్టుకుని, వీధి పిల్లలకు మిఠాయి అమ్మి, అట్టబొమ్మలు ఒక్కొక్కటే మారుస్తూ కథ చెప్పేవారు. దాన్ని కమిషిబాయి అన్నారు. వీరిని మన కూనపులివారి దూరపు చుట్టాలనవచ్చు. టెలివిజన్ రాగానే ఆ వృత్తి దెబ్బతిన్నది. కాని ఆ చిత్రకారుల్లో కొందరు అద్దె పుస్తకాలకు బొమ్మలు గీసే పనిలోకి మారారు. అట్లా మారినవాడే సంపే షిరాటో. ఆయన తండ్రి టోకి ఒకమోటో శ్రామికవర్గ కళోద్యమానికి చెందిన చిత్రకారుడు. షిరాటో 1959–62 మధ్య రైతు తిరుగుబాట్ల కథను అద్దె పుస్తకాలుగా గీశాడు. 1964లో గారో అనే పత్రిక పుట్టింది ఆయన కాముయిదెన్ కథను ప్రచురించటంకోసమే. అది 1971 దాకా సాగింది. దానిలో ముగ్గురు యువకులు: అంటరానివాడు కాముయి, కట్టుబానిస రైతు షోసుకె, సమురాయి కొడుకు ర్యూనొషిన్. ముగ్గురూ మారతారు, మూడు వర్గాల మధ్య సంబంధాలు మారుతున్న కొద్దీ మారతారు. ఆనాటి జపాను వామపక్ష విద్యార్థులు ఆ కథను ఆసక్తితో చదివారంటే ఆశ్చర్యం లేదు. 1933లో పోలీసుల చిత్రహింసలకు మరణించిన తకిజి కొబయాషి 1929లో రాసిన పీతల పడవ నవలకు 2006లో మాంగా రూపం వచ్చింది. 2008లో ఆ నవల లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. నిలకడలేని కూలికి పనిచేసే యువతరం దానిలో తన్ను తాను చూచుకున్నది.

మన పటం ఆ దారిన యెందుకు పోలేదు? నైపుణ్యం చాలక కాదు. వస్తువు లేక అంతకన్నా కాదు. డక్కలివారు చెప్పే జాంబపురాణంలో ఆదిజాంబవుడు భూమికంటె, దేవతలకంటె ముందు పుట్టినవాడు. తన్ను అంటరానివాడన్నవారితో వాదానికి దిగుతాడు. కాముయికి అన్న కాగలవాడు మన మాదిగవాడల్లో ఎప్పటినుంచో వున్నాడు. లేనిది మార్కెట్టు, అక్షరాస్యత. జపానులో కథకుడికి వీధిలో ప్రతి పిల్లవాడూ కొనుగోలుదారే. ఆ పిల్లవాడికి చదువు వచ్చు. రేపు పుస్తకం అద్దెకు తెచ్చుకుంటాడు. ఇక్కడ కథకుడు కులపు వాటాకు కట్టుబడి వున్నాడు, నకాషీ కథకుడికి కట్టుబడి వున్నాడు. సినిమా వచ్చి, వలసలు వచ్చి కులం వాటా యివ్వటం మానేసేసరికి ఇద్దరికీ ఒకేసారి దారి మూసుకుపోయింది.

అచ్చు మనకు రాకపోలేదు. 1947లో చందమామ వచ్చింది. మార్క్సిస్టు అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేదాకా దానికి సంపాదకత్వం వహించాడు. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్‌వంటి చిత్రకారులు ఇంటింటికీ తెలిశారు. అయితే చందమామలో కథను మాట నడిపింది, బొమ్మ పక్కన నిలిచింది. బొమ్మే కథను మోసే పద్ధతి పటంతోనే వుండిపోయింది.

మన ఉద్యమాలు కూడా ఆ పద్ధతిని చేపట్టలేదు. ప్రజానాట్యమండలి 1940లలో బుర్రకథను ప్రజల ఆయుధంగా మార్చింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర నాటికి పల్లెల్లో పాట పోరాటరూపమే అయింది. ఆ యేడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పాటకు గొంతు చాలు. దాన్ని జప్తు చేయలేరు. యాభై అడుగుల పటానికి నెలల శ్రమ కావాలి, దాచటానికి చోటు కావాలి. ఆనాటి పరిస్థితుల్లో పాటను ఎన్నుకోవటం సహజం. కాని దాని ఫలితంగా ఆ రైతుకూలీల ముఖాలు పాటలో మిగిలాయి గాని, బొమ్మలో గడి తరువాత గడిగా మిగలలేదు.

ఇప్పుడు పటానికి గౌరవం వచ్చింది. చేర్యాలలో దానలకోట కుటుంబంవారు ఆ విద్యను నిలుపుకున్నారు; చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని కొనేవారు కోరేది నలభై అడుగుల కథ కాదు. గోడకు సరిపడే ఒక్క గడి. చిత్రకారుడు బతకాలి గనక అదే గీస్తాడు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. అయినా జరిగినదేమిటో చెప్పక తప్పదు. గడికీ గడికీ మధ్య వున్న పాత్ర, ఒక్క గడిని చట్రంలో బిగించగానే చచ్చిపోతుంది. మిగిలేది ఎర్రని నేలమీద అందమైన బొమ్మ. బట్ట నేసినవాడి చరిత్ర అలంకారంగా మారిపోతుంది.

పాత పటాన్ని యథాతథంగా బతికించమని నేను అనటం లేదు. అందరూ ఒకే ఋషి సంతానం అని చెప్పే కథ సిరిసిల్లలో ఒక నిజాన్ని కప్పుతుంది. అక్కడ నూలిచ్చే యజమాని వున్నాడు, ఆ నూలు తీసుకుని తన మరమగ్గాలపై నేయించే ఆసామి వున్నాడు, ఆ మగ్గం దగ్గర నిలబడే కార్మికుడు వున్నాడు. గోత్రం ఒక్కటైనంత మాత్రాన కూలిరేటు దగ్గర వారి ప్రయోజనం ఒక్కటి కాదు. భివండికి వలసపోయినవారినీ, 1990ల చివరినుంచి ఆత్మహత్యలు చేసుకున్నవారినీ నూటొక్క గోత్రాల బంధం కాపాడలేదు. పటం చివరి గడిలో ఈ మనుషులు లేరు.

కనుక మాంగా చదివే విద్యార్థిని మందలించటం మన పని కాదు. అతను కన్ను పెట్టి చూడటం నేర్చుకున్నాడు. అది చిన్న విషయం కాదు. ఆ కన్నుతోనే ఒక పూర్తి పటాన్ని మొదటి గడినుంచి చివరి గడిదాకా చూడమనాలి. ముఖం మారిందా అని కాక, ఎవరి పక్కన ఎవరు నిలిచారు, ఎవరి చేతిలో ఏమున్నది అని అడగటం నేర్పాలి. భావనాఋషి మగ్గం తరువాత మరమగ్గం గడి ఎవరు గీస్తారు, దానిలో ఆసామి యెక్కడ నిలబడతాడు, కార్మికుడి చెయ్యి యెటు చాచి వుంటుంది అన్న ప్రశ్నలు సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల తరగతి గదుల్లో వేయదగినవి. వాటికి జవాబు గీయగలవారు ఆ గదుల్లోనే కూర్చుని వున్నారు.